అవ్వ నోటుబుక్కు చూసి నిప్పట్లు చేస్తే నూనెలో మాయమైపోతాండాయి, తప్పెక్కడ?

కొర్లగుంట_శైలు
మొన్న ఆదివారం ట్రంకుపెట్టె సర్దతా ఉంటే మా అవ్వ (అమ్మ వాళ్ళమ్మ) నోటుబుక్కు దొరికింది. అట్ట లేదు, ఒక మూల చెదలు తినేసినాయి. అందులో ఒక పేజీలో నిప్పట్లు అని ఉంటే ఈ సంక్రాంతికి ఇవే చేద్దామని ముందుగా ట్రయలు మొదలుపెట్టినా. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ కొడతాండా:

"నిప్పట్లు. నానిన బియ్యప్పిండి 1 వీశె. బెల్లం 3 సేర్లు. నువ్వులు 2 పలాలు. ఏలక్కాయ. చేతికి నెయ్యి."

అంతే. ఎట్లా చెయ్యాలో ఒక్క ముక్క రాయలేదు. వీశె అంటే ఫోన్లో 1.4 కేజీ అని వచ్చింది, సేరు అంటే 933 గ్రాములని వచ్చింది. మొత్తం చేస్తే ఎవరు తింటారులే అని అన్నీ పావు వంతు తీసుకున్నా, అంటే పిండి 350 గ్రాములు, బెల్లం 700 గ్రాములు. పాకంలో పిండి కలిపితే ముద్ద అయితే కదా, హల్వా మాదిరి జారతానే ఉండాది. మూడు గంటలు ఆరనిచ్చి ఎట్లనో అరిటాకు మీద తట్టి నూనెలో వేస్తే సుయ్యిమనింది, నురగొచ్చింది, అంతే, నిప్పట్టు లేదు. రెండోది కూడా అంతే. ఐదోదానికి బాండ్లి అడుగున నల్లగా అంటుకున్న బెల్లం తప్ప ఏం మిగల్లా. లీటరు చెనిక్కాయ నూనె పారబోసినా. పైగా మా ఆయన (పుట్టింది పెరిగింది బెంగుళూరు) వచ్చి తొంగి చూసి "నిప్పట్లంటే కారంవి కదా, బెల్లం ఎందుకు ఏసినావు" అంటాడు. తప్పు నాదా, అవ్వదా, ఫోనుదా?

పలమనేరు_పిల్లోడు
మీ ఆయన చెప్పింది కరెక్ట్. నిప్పట్లంటే బియ్యప్పిండి, చెనిగ్గింజలు, కారప్పొడి, కరేపాకు. మా ఊర్లో ప్రతి టీకొట్లో గాజు జాడీలో ఉంటాయి. మీ అవ్వ పేరు తప్పు రాసింటాది.

పీలేరోళ్ళ_పాప
తప్పేం రాయలేదబ్బా. మా ఇంట్లో నిప్పట్లంటే తియ్యవే. కారంవి చెక్కలు. సంక్రాంతికి నిప్పట్లు, మణుగుబూలు (మురుకులు) లేకపోతే పండగే కాదు మాకు.

పలమనేరు_పిల్లోడు
తియ్య నిప్పట్లు అని ఈరోజే వింటాండా. రేపు కారం లడ్డు అని కూడా వస్తారేమో.

గుంటూరు_కోడలు
మీరు చెప్పేవి అరిసెలండీ బాబూ!! పెళ్ళయి తిరుపతి వచ్చిన మొదటి పండక్కి మా అత్తగారు "నిప్పట్లకి బియ్యం నానెయ్యి" అంటే నేను నిప్పు అన్నమాట పట్టుకుని ఏదో కాల్చే వంటేమో అనుకున్నాను. తీరా చూస్తే మా అమ్మ చేసే అరిసెలే. పదకొండేళ్ళయింది, ఇప్పటికీ నేను అరిసెలంటాను, ఆవిడ నిప్పట్లంటారు, మా పిల్లలు మాత్రం "ఆ బ్రౌనువి" అంటారు.

నగరి_నాగు
అరిసెలూ కాదు నిప్పట్లూ కాదు. అతిరసం. మా పక్క పుత్తూరు నుంచి సత్యవేడు దాకా ఎవర్నన్నా అడగండి.

మదనపల్లె_టమాటా
కజ్జాయం అంటారు మా అమ్మ వాళ్ళు. కన్నడంలో కూడా అదే మాట. కజ్జికాయలతో కలిపేసుకోవద్దండి, అది వేరే, లోపల పూర్ణం ఉంటాది.

ఉత్తినే_చూస్తున్నా
పేర్లు నాలుగు తేలినాయి. తినేదానికి ఒక్కటీ తేల్లేదు, అన్నీ నూనెలోనే మునిగినాయి. పాపం శైలు.

పిండిమర_బాషా
శైలమ్మా ముందు ఒకటి చెప్పు. పిండి యాడిది? పాకెట్టా, మరలో ఆడించినావా?

కొర్లగుంట_శైలు
పాకెట్టే అన్నా. బియ్యప్పిండే కదా అని...

పిండిమర_బాషా
అదీ సంగతి. మీ అవ్వ "నానిన బియ్యప్పిండి" అని ఊరికే రాయలేదమ్మా, ఆ నానిన అన్న మాటలోనే సగం వంట ఉండాది. బియ్యం ఒక రాత్రంతా నానాల, నీళ్ళు వంచి గుడ్డ మీద నీడలో అరగంటో ముప్పావు గంటో పరవాల, బియ్యం చేతికి అంటుకోకూడదు కానీ లోపల తడి ఉండాల. అప్పుడు ఆడించి, జల్లించి, గాలి తగలకుండా గిన్నెలో అదిమి పెట్టి మూత పెట్టుకోవాల. పిడికిలి పట్టి తెరిస్తే ముద్ద నిలవాల. ఎండు బియ్యం మరలో పోతే రాళ్ళ వేడికి పిండి కాలినట్టయిపోతాది, అట్లాంటి పిండి నీళ్ళు ఎక్కువ తాగతాది, అట్టు గట్టిబడతాది. తడి బియ్యం అయితే మెత్తగా విడిపోతాది, పిండి చల్లగా వస్తాది. మా మరకి పండగ ముందు నాలుగు రోజులు తడి బియ్యానికి వేరే టైం పెడతాం, పొద్దున ఆరు నుంచి ఎనిమిది. ఎందుకంటే తడి పిండి రాళ్ళకి పట్టేస్తాది, దాని తర్వాత కారం ఆడిస్తే ఆ వాసన, గోధుమలు ఆడిస్తే ఆ ముద్దలు, రోజంతా తిట్లే. ఆ రెండు గంటల్లో లైన్లో నిలబడిన ఆడోళ్ళు చెప్పుకునే మాటలు వింటే నీకు ఫోనే అవసరం లేదు, ఎవరింట్లో పాకం చెడిందో, ఎందుకు చెడిందో అంతా అక్కడే తెలిసిపోతాది.

అట్లాంటా_అబ్బోడు
ఇక్కడ తడి పిండి ఆడించే దిక్కు లేదు బాషా అన్నా. నానబెట్టిన బియ్యం మిక్సీలో వేసి రెండు సార్లు జల్లిస్తా, బానే వస్తాది. పాకానికి థర్మామీటర్ వాడతా, 112 నుంచి 116 డిగ్రీల మధ్య దించేస్తే చన్నీళ్ళలో వేసినప్పుడు మెత్తటి ఉండ కడతాది. మా అమ్మ వీడియో కాల్లో చూసి "జొరం వచ్చిందా బెల్లానికి" అన్నది.

పీలేరోళ్ళ_పాప
హహహ. మీ అమ్మకి నా దండం.

గుంటూరు_కోడలు
పిండి పాకెట్టుదైతే గట్టిగా రావాలి కదండీ, కరిగిపోవడమేంటి? బాషా గారు చెప్పింది నిజమే కానీ శైలు గారి సమస్య అది కాదేమో. నేను కేజీ బియ్యానికి ముప్పావు కేజీ లోపే బెల్లం వేస్తాను. ఆవిడ పిండికి రెండింతలు బెల్లం వేశారు. అది అరిసె కాదు, చిమ్మిలి కూడా కాదు, బెల్లంలో పిండి వాసన.

పిండిమర_బాషా
అవునవును, బెల్లం లెక్క నేను చూడనేలేదు. పాకెట్టు మాట వినంగానే నాకు కోపం వచ్చేసింది.

మండీ_మునెయ్య
అందరూ పక్కకి జరగండి, ఇది నా సబ్జెక్టు. మా నాయన చిత్తూరు బెల్లం మండీలో కాటా దగ్గిర పని చేసినాడు, పాత తూకాలు మా ఇంట్లో ఎక్కాల మాదిరి అప్పజెప్పించేవాడు. శైలమ్మా, నువ్వు వీశె ఒక దేశంలో తీసుకున్నావు, సేరు ఇంకో దేశంలో తీసుకున్నావు. ఫోన్లో వచ్చిన 933 గ్రాముల సేరు 80 తులాలది, ఉత్తరాది లెక్క. మన పక్క మద్రాసు తూకం. తులం సుమారు 11.66 గ్రాములు. మూడు తులాలు ఒక పలం, అంటే 35 గ్రాములు. ఎనిమిది పలాలు ఒక సేరు, అంటే 280 గ్రాములు. ఐదు సేర్లు ఒక వీశె, అంటే 1.4 కేజీ. ఎనిమిది వీశెలు ఒక మణుగు. ఇప్పుడు చెప్పు, ఐదు సేర్లయితే వీశె అయినప్పుడు, వీశె పిండికి మూడు సేర్ల బెల్లం ఎక్కువ ఎట్లా అవుతాది? ఐదుకి మూడు. అంటే 1.4 కేజీ పిండికి 840 గ్రాములు. నీ పావు వంతుకి 210 గ్రాములు పడాల్సింది, నువ్వు 700 పోసినావు. అవ్వ లెక్క చక్కగానే ఉండాది, ఫోను లెక్కా తప్పు కాదు, కాకపోతే అది ఢిల్లీ సేరు.

కొర్లగుంట_శైలు
అయ్యో నా తల్లీ. 210!!

ఉత్తినే_చూస్తున్నా
ఢిల్లీ సేరుతో తిరుపతి నిప్పట్టు. ఇంక ఎట్లా తేలతాది.

మదనపల్లె_టమాటా
మునెయ్యన్నా, బెల్లం గురించి కూడా రెండు మాటలు చెప్పు, ఈమధ్య తెల్లగా మెరిసేది తెస్తే పాకం సరిగ్గా రావడంలా.

మండీ_మునెయ్య
మరీ తెల్లగా ఉందంటే రంగు కోసం గానుగ దగ్గరే హైడ్రోస్ (తెల్లబరిచే మందు) వేసింటారు. కాస్త ముదురు రంగుది, గిల్లితే గరుకుగా పలికేది తీసుకో. తేమ పట్టి కారే బెల్లం వద్దు, పాకం ఎంత కాచినా లేతగానే ఉంటాది. ఇంకొకటి, బెల్లం కరగంగానే ఒకసారి వడగట్టుకో, చెరుకు పిప్పి, ఇసుక ఏదో ఒకటి ఉంటాది, ఎంత మంచి గానుగైనా.

శాసనాల_సారు
పేర్ల గొడవ మధ్యలో వదిలేశారు, దాన్ని నేను అందుకుంటాను, కొంచెం పొడుగైతే క్షమించండి, రిటైరయ్యాక నా మాట వినేవాళ్ళు తక్కువ. నిప్పట్లు, అరిసెలు, అతిరసాలు, కజ్జాయాలు అని నలుగురు నాలుగు చెప్పారే, ఎవరు ఏ ఊరివాళ్ళో ఒకసారి చూడండి. మన చిత్తూరు జిల్లా 1911లో పుట్టింది. చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చాయి, మదనపల్లె, వాయల్పాడు కడప నుంచి వచ్చాయి, పుంగనూరు, కాళహస్తి, కార్వేటినగరం పక్క జమీందారీలు కలిశాయి. 1960లో తిరుత్తణి మద్రాసు వైపు పోయింది. 2022లో మళ్ళీ ముక్కలైంది. కాగితం మీద గీతలు ఎన్నిసార్లు మార్చినా పొయ్యి దగ్గర మాట మారలేదు. నగరి నాగు గారు అతిరసం అంటే అరవ పక్క గాలి, టమాటా గారు కజ్జాయం అంటే మైసూరు పక్క గాలి.

అతిరసం అనే మాట కొత్తదేం కాదు. తిరుమల గుడి గోడల మీది శాసనాల్లో స్వామి నైవేద్యాల పేర్లు చాలా ఉన్నాయి, అప్పపడి, వడపడి, మనోహరపడి వీటితోపాటు అతిరసపడి కూడా ఉంది. శాసనాల్లో ఎక్కువ భాగం అరవంలోనే ఉంటాయి, దేవస్థానం వాళ్ళు 1930లలో సంపుటాలుగా అచ్చు వేయించారు. కృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 లోపల ఏడుసార్లు కొండకి వచ్చాడు, ఆ కాలంలో దాతలు ఫలానా పూజకి ఫలానా పడి అని, దానికి బియ్యం ఇంత, నెయ్యి ఇంత, బెల్లం ఇంత అని రాయి మీద చెక్కించారు. శైలు గారి అవ్వ పేజీ చూడగానే నాకు అదే గుర్తొచ్చింది. సరుకు, కొలత, అంతే. ఎలా చెయ్యాలో లేదు. చేసేవాళ్ళకి తెలుసు కాబట్టి రాయలేదు.

నగరి_నాగు
చూసినారా. రాయి మీదే అతిరసం అని ఉండాది. కేసు క్లోజ్.

గుంటూరు_కోడలు
అరవంలో చెక్కిన రాయి మీద అరవ పేరుంటే వింతేముందండీ. మా గోదావరి, కృష్ణా గుళ్ళ గోడలు కూడా ఎవరన్నా చదివి చెప్పండి, అప్పుడు చూద్దాం. ఒడిశాలో కూడా అరిస పిఠా అంటారు తెలుసా, మా పేరు ఎంత దూరం పోయిందో.

పలమనేరు_పిల్లోడు
సరే సారూ, మరి మా కారం నిప్పట్ల సంగతి ఏమి? అవి కూడా పాతవే కదా?

శాసనాల_సారు
పిల్లోడుగారూ, మీకు చెప్తే కోపం వస్తుంది. ఎండుమిరపకాయ అమెరికా ఖండాల పంట. పోర్చుగీసువాళ్ళు 1498లో కాలికట్టులో దిగిన తర్వాత, పదహారో శతాబ్దంలో మనకి చేరింది. చెనిక్కాయ కూడా అటువైపుదే. అన్నమయ్య 1503లో పోయాడు. అంటే ఆయన జీవితంలో ఎన్నడూ మిరపకాయ కొరికి ఉండడు. మీ జాడీలో నిప్పట్టు ఇప్పుడున్న రూపంలో ఆయనకి పెట్టినా గుర్తుపట్టడు. బెల్లం, బియ్యం, నువ్వులు, నెయ్యి ఉన్న నిప్పట్టుని గుర్తుపడతాడు.

పలమనేరు_పిల్లోడు
అన్నమయ్యకి మిరపకాయ తెలీదా?? నిజంగానా?

పీలేరోళ్ళ_పాప
నేను ఇది చదివి కూర కలబెడతా కలబెడతా అట్లే నిలబడిపోయినా. మిరపకాయ లేదు, టమాటా లేదు, ఉర్లగడ్డ లేదు, చెనిక్కాయ లేదు. మరి ఊరిబిండి (రోటి పచ్చడి) ఎట్లా చేసుకున్నారు పాపం.

మదనపల్లె_టమాటా
నా పేరుకే ఎసరు పెట్టినారు. మా మార్కెట్ కి రోజూ లారీలు లారీలు వచ్చేది విదేశీ సరుకా అయితే.

పలమనేరు_పిల్లోడు
ఒక్క నిమిషం. కారం అంటే మిరపకాయే కావాల్నా? మిరియాలు ఉండాయి కదా. కొండ మీద వడ మిరియాలదే కదా. మిరియాల నిప్పట్లు అప్పుడే ఉండొచ్చు. పేరు ముందు మాదే కావచ్చు, సరుకు తర్వాత మారి ఉండొచ్చు. మిరపకాయ తర్వాత వచ్చిందంటే కారం తర్వాత వచ్చిందని కాదు సార్.

శాసనాల_సారు
ఈ మాట బాగుంది. ఒప్పుకుంటాను. సరుకు వయసు చెప్పగలను కానీ దాన్నిబట్టి పేరు వయసు చెప్పకూడదు, నేను తొందరపడ్డాను. ముప్పై రెండేళ్ళు పిల్లలకి పాఠం చెప్పి ఈరోజు నిప్పట్ల దగ్గర దొరికిపోయాను.

ఉత్తినే_చూస్తున్నా
పిల్లోడికి ఒక జాడీ నిప్పట్లు బహుమతి.

గుంటూరు_కోడలు
నాకో అనుమానం శైలు గారూ. ఇంట్లో ఆడవాళ్ళు వంటకి తూకం వేస్తారా ఎక్కడైనా? మా నాయనమ్మ సోల, తవ్వ, మానిక, లేకపోతే గ్లాసు, దోసిలి, చిటికెడు. బియ్యప్పిండి కాటాలో వేసి వీశె, పలం అని రాయడం కొట్లో కూర్చునేవాళ్ళ పద్ధతి. అది మీ అవ్వ రాతేనా?

మండీ_మునెయ్య
భలే పట్టినావమ్మా. నాకు ఈ ఆలోచనే రాలా. నువ్వులు రెండు పలాలు అని ఏ ఆడమనిషీ రాయదు, పిడికెడు అని రాస్తాది.

కొర్లగుంట_శైలు
అవ్వది కాకపోతే ఎవరిది మరి... నోటుబుక్కు చివరి పేజీలో ఏదో సరుకుల లెక్క కూడా ఉంది. "చక్కెర 0-9-6, కాపీపొడి 0-12-0" ఇట్లా. మధ్యలో గీతలు. దశాంశాలేమో అనుకున్నా.

శాసనాల_సారు
రూపాయి, అణా, పై అది. 0-9-6 అంటే తొమ్మిదణాల ఆరు పైలు. పన్నెండు పైలు ఒక అణా, పదహారు అణాలు ఒక రూపాయి. నయాపైసలు 1957 ఏప్రిల్‌లో వచ్చాయి, కేజీల తూకం 1958 అక్టోబరు నుంచి మెల్లగా మొదలైంది. అలవాటు మారడానికి ఇంకో నాలుగైదేళ్ళు పట్టి ఉంటుంది, అయినా మీ నోటుబుక్కు ఆ చుట్టుపక్కలదో అంతకు ముందుదో. అమ్మగారిని అడగండి.

కొర్లగుంట_శైలు
అమ్మకి ఫోన్ చేసినా. గంటన్నర మాట్లాడింది, మామూలుగా మా ఫోన్లు నాలుగు నిమిషాలు.

రాత తాతదంట. అవ్వకి చదువు రాదంట, నాకు ముప్పై నాలుగేళ్ళు వచ్చి ఈరోజు తెలిసింది, అవ్వ రోజూ పేపరు పట్టుకుని కూర్చునేది కదా అంటే, బొమ్మలు చూసేది అని చెప్పింది అమ్మ. తాత చిత్తూరులో ఒక మండీలో లెక్కలు రాసేవాడు, శనివారం సాయంత్రం పీలేరుకి బస్సెక్కి వచ్చేవాడు. ఒకసారి అవ్వకి జబ్బు చేసి నెలన్నర మంచాన పడితే, ఆ సంక్రాంతికి పిల్లలకి నిప్పట్లు చేసేవాళ్ళు లేక, అవ్వ మంచం మీద నుంచే చేత్తో పిండి తీసి పళ్ళెంలో పోస్తే తాత దాన్ని కాటాలో పెట్టి తూకం వేసి రాసుకున్నాడంట. బెల్లం అంతే, ఆమె గడ్డ కొట్టి "ఇంత" అంటే ఈయన తూకం వేసినాడు. అందుకే ఎట్లా చెయ్యాలో లేదు, అవ్వ పక్కనే ఉండి చెప్తా ఉంది కాబట్టి. ఆ సంవత్సరం నిప్పట్లు తట్టింది తాతేనంట, ఒక్కొక్కటి ఒక్కో ఆకారం, అమ్మకి ఇంకా గుర్తుండాది, ఒకటి మాత్రం నిలువుగా మామిడికాయ మాదిరి ఉండేదంట.

పిండిమర_బాషా
అమ్మా శైలూ, పిండి నేను ఆడించి పెడతా, డబ్బులొద్దు. పొద్దున ఆరుకే రా కానీ.

అట్లాంటా_అబ్బోడు
నేను ఈ పేజీ చదివి మా అమ్మకి ఫోన్ చేసినా, మా ఇంట్లో కాటా ఎవరిదని. ఆమె నిద్రలో ఉంది, తిట్టింది.

మండీ_మునెయ్య
లెక్కలు రాసేవాళ్ళ చేతి రాత అట్లే ఉంటాది, మాట తక్కువ, అంకె ఎక్కువ. కొండ మీద లడ్డుకి దిట్టం (సరుకుల కొలత పట్టీ) అంటారు కదా, 5,100 లడ్లకి చక్కెర 400 కేజీలు, శనగపిండి 180, నెయ్యి 165, ఇట్లా అన్నీ కలిపి 803 కేజీలు. ఒక్క మాట ఎక్కువుండదు. మీ తాత రాసింది మీ ఇంటి దిట్టం.

కొర్లగుంట_శైలు
ఈరోజు చేసినా. బాషా అన్న మర పిండి 350 గ్రాములు, బెల్లం 210, నువ్వులు 17 గ్రాములు (రెండు పలాల్లో పావు వంతు, చూడండి ఎట్లా నేర్చుకున్నానో). పాకం నీళ్ళలో వేస్తే ఉండ మెత్తగా, వేళ్ళ మధ్య నొక్కితే అణిగేట్టు వచ్చినప్పుడు దించి పిండి కొంచెం కొంచెంగా పోసినా, మా ఆయన గంటె తిప్పినాడు, చెయ్యి నొప్పి అని ఇప్పటికి నాలుగుసార్లు చెప్పినాడు. మొదటి రెండు విరిగినాయి, నూనె మరీ కాగిపోయింది. మూడోది పొంగింది!! తీసి రెండు గంటెల మధ్య నొక్కి నూనె పిండేస్తే పక్కలంతా ఎర్రగా, మధ్యలో కొంచెం మెత్తగా. మొత్తం పదిహేడు వచ్చినాయి. అమ్మకి బస్సులో పంపిస్తాండా. ఒకటి కావాలనే మామిడికాయ ఆకారంలో తట్టినా.

నగరి_నాగు
అతిరసాలు బాగా వచ్చినట్టున్నాయి.

పీలేరోళ్ళ_పాప
నిప్పట్లు.

గుంటూరు_కోడలు
అరిసెలు.

పలమనేరు_పిల్లోడు
శైలక్కా, మీ ఆయనకి కారంవి చేసి పెట్టినావా లేదా? ఆయన తరపున అడుగుతాండా.

కొర్లగుంట_శైలు
ఆయన తొమ్మిది తిన్నాడు, ఇంక అడగడంలా. కానీ తాత నోటుబుక్కులో తర్వాతి పేజీ మణుగుబూలు. "బియ్యం 2 పడ్లు, మినప్పప్పు అర పావు" అని ఉంది. ఇది మాత్రం తూకం కాదు. మునెయ్యన్నా, పడి అంటే ఎంత, పావు అంటే దేంట్లో పావు?

మండీ_మునెయ్య
అమ్మా, నీకు దండం. పెద్ద పడా, చిన్న పడా? తల కొట్టిందా (అంచుకి చదును చేసిందా), గోపురం పోసిందా (పైకి కుప్పగా పోసిందా)? నూనె కొనబాక, రెండ్రోజులు ఆగు. మా నాయన్ని అడిగి చెప్తా.